ఆకుపచ్చ దారం కట్టిన క్యాసెట్టు

ఫిబ్రవరి 2

అత్తయ్య గారికి,

నమస్కారాలు. మోకాలి నొప్పి ఎలా ఉంది? మిషను తొక్కడం తగ్గించమని డాక్టరు చెప్పాడు కదా, వింటున్నారా? వినరని తెలుసు, అయినా అడగాలి కాబట్టి అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. పోయిన వారం తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు తాళ్ళు మార్చాం. మూడు రోజులు పట్టింది. భుజాలు పట్టేశాయి. అంతకంటే విశేషాలు లేవు.

ఒక చిన్న విషయం కనుక్కుందామని రాస్తున్నాను. మీ అమ్మాయి క్యాసెట్లు చెప్పుల అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి. ఒక్కదాని మీదా పేరు రాసి లేదు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉంది. ఎర్రవి, పసుపువి, నీలంవి, ఒకే ఒక్కటి ఆకుపచ్చది. ఆ దారాలకి అర్థమేమిటో నాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే "అది మా అమ్మ భాష, మీకు రాదులెండి" అనేది.

మాతో పనిచేసే ఒకతను ఈ నెల ఇరవై రెండున ఒకావిడని ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళిద్దరే. సాయంత్రం ఆరింటికి. వెనకాల సన్నగా ఏదైనా పాట పెట్టుకోవాలట. ఏది పెట్టాలో తెలియక నన్నడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు? హోటల్లో భోజనాల హాలుకి పాటలు ఏర్చే పని మీ అమ్మాయిదే కదా, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని తినేటప్పుడు పెట్టేది ఒకటి ఇందులో ఉండే ఉంటుంది. అది ఏ దారమో చెప్పగలరా? నలభై ఒకటీ పెట్టి వింటే తెలిసిపోతుంది. కానీ అది నా వల్ల కాదు.

మందులు మానకండి.

మీ అల్లుడు


ఫిబ్రవరి 7

అల్లుడు గారికి,

కాజాలు కుడుతూ ఉంటే మీ ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికి, రెండోసారి అర్థం కోసం, మిగతా రెండుసార్లూ ఊరికే. నాది మూడో తరగతి చదువు. ఒత్తులు పడాల్సిన చోట పడవు, మీరే సర్దుకుని చదువుకోండి. ఫోను చెయ్యొచ్చుగా అంటారేమో. ఫోను షాపాయన బల్ల మీద ఉంటుంది, చుట్టూ నలుగురుంటారు, మీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు హడలిపోతారు. ఉత్తరమే నయం. కాగితం తడిసినా ఆరుతుంది.

దారాల సంగతి చెప్తాను. అది భాషా కాదు, పాడూ కాదు. నేను షాపులో చేరిన కొత్తలో బట్టల మూటల మీద చీటీలు అంటించేవాళ్ళు. నాకు చదవడం సరిగ్గా రాదని చెప్పుకోవడానికి సిగ్గేసి, నా గుర్తుకి నేను దారాలు కట్టుకున్నాను. ఎర్రది కడితే రేపటికల్లా కావాలని. పసుపుది కడితే కొలత తప్పింది, విప్పి మళ్ళీ కుట్టాలని. నీలం అంటే కుట్టడం అయింది గానీ గుండీలూ కాజాలూ మిగిలాయని. ఆకుపచ్చ అంటే పనంతా అయిపోయింది, మనిషి వస్తే ఇచ్చెయ్యడమే అని. ఇప్పుడు షాపు షాపంతా అదే పద్ధతి. షాపాయన తనే కనిపెట్టినట్టు చెప్పుకుంటాడు. చెప్పుకోనీండి.

నా కూతురు, నా పిట్ట, బడి నుంచి వచ్చి నా మిషను కిందే కూర్చునేది. దానికి అక్షరాలకంటే ముందు దారాలొచ్చాయి. పప్పు డబ్బాకి ఒకటి, ఉప్పు డబ్బాకి ఒకటి, పెన్సిలు పెట్టెకి ఒకటి కట్టేది. చివరికి పాటలకి కూడా కట్టిందన్నమాట.

ఒకసారి హోటల్లో దాని పని చూద్దామని వెళ్ళాను, మీకు తెలుసో లేదో. వంటగదికీ హాలుకీ మధ్య సందులో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తెర కొంచెం తీసి చూపించింది. కిటికీ పక్క బల్ల దగ్గర ఒకతను, ఒకమ్మాయి. నీళ్ళ గ్లాసుల వైపు చూసుకుంటున్నారు తప్ప ఒకరి వైపు ఒకరు చూడటం లేదు. "చూడమ్మా, వీళ్ళకి తెలిసిన పాట పెట్టకూడదు. తెలిసిందైతే నోట్లో పాడుకుంటూ కూర్చుంటారు, ఎదుటి మనిషిని మరిచిపోతారు. మాటలున్న పాట అసలే వద్దు. మాట వాళ్ళ నోట్లోంచి రావాలి" అంది. చెంచా చప్పుడు కంటే పాట పైకి లేవకూడదట. గిన్నెలు వచ్చేదాకా కాస్త నడక ఉన్న వాయిద్యం, వచ్చాక నిదానమైనది. "మరి దెబ్బలాడుకుంటేనో?" అన్నాను. "అప్పుడు ఎర్రదారంది పెడతా. గబగబా తినేసి ఇంటికెళ్ళి దెబ్బలాడుకుంటారు" అంది. నేను నోరు మూసుకుని నవ్వాను, హాల్లోకి వినపడుతుందని.

కాబట్టి ఎర్రది వద్దు. పసుపువి తప్పులున్నవి. నీలంవి పని మిగిలినవి. ఇద్దరు మనుషులు కూర్చుని తినేటప్పుడు పెట్టేది అన్నీ సరిగ్గా కుదిరినదై ఉంటుంది. ఆకుపచ్చదే. నిస్సందేహంగా పెట్టుకోండి.

ఇంకొక మాట. మీ తోటి పనివాడని రాశారు. ఇరవై రెండో తారీకు అని కూడా రాశారు. ఆ తారీకు నాకు తెలియదనుకున్నారా? మీ ఇద్దరి పెళ్ళిరోజు కదండీ. అది పోయి ఏడాదిన్నర. మగవాళ్ళు ఇలాంటివి చెప్పుకోలేరు, తోటివాడి పేరు మీద పెట్టుకుంటారు. ఆ రోజు దాని కుర్చీ ఎదురుగా వేసుకుని, దాని పాట పెట్టుకుని, రెండు ముద్దలు తిందామనుకుంటున్నారు. నాకు అర్థమైంది లెండి. సిగ్గుపడకండి. చదివి కాసేపు ఏడ్చాను, తర్వాత కడుపు చల్లగా అనిపించింది. నా కూతురికి ఇలాంటి మనిషి దొరికాడు కదా అని.

ఇక రాయలేను, వేళ్ళు తిమ్మిరెక్కాయి.

అత్తయ్య


ఫిబ్రవరి 12

అత్తయ్య గారికి,

ఉత్తరం అందింది. దారాల సంగతి ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. మీరు చివర రాసిన దాని గురించి ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చింపేశాను. ఇది మూడోది. మీరు అనుకున్నట్టే అనుకోండి.

ఆకుపచ్చది ఒకటే కాబట్టి తికమక లేదు. టేప్ రికార్డరు బెల్టు వదులైంది, మార్చాను. ఇప్పుడు బాగా తిరుగుతోంది.

వంటగది కిటికీ గడియ కూడా బాగుచేశాను. ఇల్లు శుభ్రంగానే ఉంది. బెంగ పెట్టుకోకండి.

మీ అల్లుడు


ఫిబ్రవరి 16

అల్లుడు గారికి,

ఈ పొట్లం విప్పేటప్పుడు కత్తెర పెట్టకండి, గుడ్డ తెగుతుంది. దారం లాగితే ఊడొస్తుంది.

బల్లకి పరిచే గుడ్డ కుట్టాను. ఇద్దరికి సరిపడా. మీ బల్ల కొలత నాకు గుర్తుంది, ఒకసారి జానలతో కొలిచాను. మధ్యలో తెల్లది షాపులో మిగిలిన ముక్క. చుట్టూ అంచు మాత్రం పిట్ట పదేళ్ళప్పటి గౌనుది, నీలం మీద చిన్న చిన్న పసుపు పూలు. ఆ గౌను ఏం చెయ్యాలో తెలియక ఇన్నేళ్ళూ ట్రంకులో పెట్టుకున్నాను. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు, పారెయ్యలేను. మీ ఉత్తరం చూశాక ఇన్నాళ్ళూ దీనికోసమే దాచానేమో అనిపించింది. కత్తెర వేసేటప్పుడు చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఏడాదిన్నరలో మనసారా సంతోషంగా కుట్టిన పని ఇదొక్కటే. షాపాయన చూసి "ఏంటమ్మా, పాట పాడుతున్నావు?" అన్నాడు. పాడుతున్నానని నాకే తెలియదు.

దాని కుర్చీ కిటికీ వైపు వెయ్యండి. అది ఎప్పుడూ వీధి కనపడేటట్టు కూర్చుని తినేది, వచ్చేపోయేవాళ్ళకి పేర్లు పెడుతూ. పాట మరీ గట్టిగా వద్దు.

ఇరవై రెండున ఆరింటికి నేనూ మిషను మీద నుంచి లేచి, ఇంటికెళ్ళి, అదే వేళకి కంచం ముందు కూర్చుంటాను. మీరక్కడ, నేనిక్కడ. అది మధ్యలో ఎక్కడుందో అక్కడ.

తృప్తిగా తినండి.

అత్తయ్య


ఫిబ్రవరి 24

అత్తయ్య గారికి,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తోటి పనివాడు ఎవరూ లేరు. భోజనానికి పిలిచింది నేనే. వచ్చింది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఒకావిడ. చలవ అద్దాలు విరిగితే బాగుచేయించుకోవడానికి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. మూడోసారికి అద్దాలకేమీ కాలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకి కుడిచెవి వినపడదు. నేను మాట్లాడేవాణ్ణి కాదని మీకు తెలుసు. ఇద్దరికీ సరిపోతుందనుకున్నాను.

పాట ఎందుకంటే, ఆ ఇంట్లో చప్పుడు లేకుండా నాకు ముద్ద దిగదు. మీ అమ్మాయి ఉన్నప్పుడు ఆమె మాటలుండేవి, లేకపోతే పాట ఉండేది. ఇప్పుడు కొళాయి కొంచెం తిప్పి పెట్టుకుని తింటున్నాను. ఒకరిని పిలిచి కొళాయి తిప్పి పెట్టలేను కదా.

తారీకు సంగతి. ఆమెకి సెలవు దొరికేది ఆ శనివారమే అంటే సరేనన్నాను. అది మా పెళ్ళిరోజని మీ ఉత్తరం చదివేదాకా నాకు గుర్తు రాలేదు. అబద్ధం చెప్పి ఇది దాచొచ్చు. ఇప్పటికి చెప్పినవి చాలు. గుర్తొచ్చాక మార్చమని అడగడానికి కారణం చెప్పాలి, చెప్పలేకపోయాను. మీ గుడ్డ వచ్చింది. పరవకూడదని మడిచి లోపల పెట్టాను. ఆమె నాకు సాయం చేస్తూ కంచాల కోసం అలమర తెరిచి, అది చూసి, ఎంత బాగుందో అని తీసి పరిచేసింది. వద్దనలేకపోయాను.

ముందురోజు ఆకుపచ్చ క్యాసెట్టు ఒక నిమిషం విన్నాను. వేణువు. మెల్లగా, మాటలు లేకుండా, మీరు చెప్పినట్టే ఉంది. సరిపోతుందని ఆపేశాను.

ఆ రోజు ఇద్దరం కూర్చున్నాం. పాట పెట్టాను. రెండో నిమిషంలో వేణువు ఆగింది. "అమ్మా, నేనే. ముందు మిషను ఆపు" అంది.

అది మీ అమ్మాయి గొంతు.

మీకోసం మాట్లాడి పెట్టింది, అత్తయ్య గారూ. మీరు ఉత్తరాలు చదవడానికి కష్టపడతారని క్యాసెట్టులో మాట్లాడి పంపాలనుకుంది. నాకు చెప్పింది కూడా. ఆమెకి ఆ జ్వరం రావడంతో ఆ మాటే మరిచిపోయాను. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. వచ్చినావిడ తల తిప్పి ఎడమ చెవి అటు పెట్టింది. ఒక్క రెండు మాటలు విని, తనే లేచి వెళ్ళి ఆపేసింది. "ఇది మనం వినేది కాదు. ఎవరిదో వాళ్ళకి పంపండి" అంది. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. కోపంగా వెళ్ళలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

ఆ రెండు మాటల తర్వాత నేనూ వినలేదు. ఈ ఉత్తరంతో పాటు క్యాసెట్టు పంపుతున్నాను.

క్షమించమని అడగను.

మీ అల్లుడు


మార్చి 1

అల్లుడు గారికి,

పార్సిలు అందింది. విప్పలేదు.

ఆరింటికి కంచం ముందు కూర్చున్నాను. మీకోసం, దానికోసం. పక్కింటావిడ వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావంటే, అల్లుడూ కూతురూ భోంచేస్తున్నారు అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మళ్ళీ పెళ్ళి చేసుకోవద్దని నేనెప్పుడైనా అన్నానా? ముప్ఫై నాలుగేళ్ళ మనిషి జీవితమంతా గోడలు చూస్తూ కూర్చుంటాడా? నాకు తెలియదా? అత్తయ్యా, ఒకావిడ ఉంది, నాకు భయంగా ఉంది, ఏ పాట పెట్టను అని అడిగి ఉంటే, ఒక పూట ఏడ్చేదాన్ని, రెండో పూట చెప్పేదాన్ని. మీరు అనుకున్నట్టే అనుకోండి అని రాశారు. అనుకున్నాను. అనుకుని గౌను కత్తిరించాను. ఆ గౌను ఇప్పుడు మళ్ళీ అతుకుతుందా? ఆ అంచుకి ఇంకొకావిడ మోచేతులు ఆనించి కూర్చుందా?

మిమ్మల్ని ఎన్ని అని ఏం లాభం. వేలు చూపించింది నేనే. ఆకుపచ్చ పెట్టండి, నిస్సందేహంగా పెట్టండి అన్నాను. ఆకుపచ్చ అంటే మనిషి వస్తే ఇచ్చెయ్యడమే అని ముప్ఫై ఏళ్ళుగా నేనే చెప్తున్నాను. ఎవరికి ఇవ్వాలో ఆలోచించలేదు. నా బిడ్డ నాకోసం మూట కట్టి, పనైపోయిందని దారం కట్టి పెడితే, నేనే దాన్ని పరాయివాళ్ళ భోజనానికి పంపాను. తల్లినై ఉండి నేనే గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

మిగిలిన క్యాసెట్లు పంపించెయ్యండి. నలభై. ఒక్కటి కూడా ఉంచుకోవద్దు. మీకు వాటితో పని లేదు.

కొన్నాళ్ళు ఉత్తరం రాయకండి.


మార్చి 8

అత్తయ్య గారికి,

రాయొద్దన్నారు. పెట్టెతో పాటు కాగితం లేకపోతే ఎవరు పంపారో తెలియదని రాస్తున్నాను.

నలభై ఉన్నాయి. దారాలు ఊడకుండా ఒక్కోదాన్ని కాగితంలో చుట్టాను. నీలం దారంవి పదిహేడు. అందులో ఒకటి పెట్టి చూశాను, ఒకటే. మాటల్లేని వాయిద్యం. మొదట కొంచెం నడక, తర్వాత నిదానం. ఇద్దరి బల్లకి పెట్టేవి అవే అనుకుంటాను. ఇప్పుడు తెలిసి చేసేదేమీ లేదు. మీకు తెలిస్తే బాగుంటుందని రాశాను.

బల్లగుడ్డ ఉతికి పెట్టాను. పంపమంటే పంపుతాను.

ఆవిడ షాపు వైపు వెళ్ళడం లేదు. పైవీధి నుంచి తిరిగి వెళ్తున్నాను. మళ్ళీ ఎవరినీ భోజనానికి పిలవను. ఈ మాట మీ మనసు కరగాలని రాయడం లేదు. నిజంగానే అనుకున్నాను.

మీ అల్లుడు


మార్చి 30

అల్లుడు గారికి,

విన్నాను.

ఇన్నాళ్ళూ ఎందుకు వినలేదంటే, వింటే అయిపోతుందని. విననంతసేపూ అది నాతో ఇంకా ఏదో చెప్పాల్సి ఉంది. విన్నాక ఇక చెప్పేదేమీ ఉండదు. ఆ పార్సిలు బియ్యం డబ్బా మీద పెట్టుకుని రోజూ చూసేదాన్ని. పోయిన ఆదివారం షాపాయన తాళాలిచ్చి, "లోపల నా టేప్ రికార్డరుంది, ఈ పూట ఎవరూ రారు, వెళ్ళమ్మా" అన్నాడు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. ఎలా తెలిసిందో.

నా మిషను ముందే కూర్చుని పెట్టాను. వేణువు వచ్చింది. తర్వాత అది వచ్చింది. "ముందు మిషను ఆపు" అంది. నిజంగానే నా కాలు తొక్కుడు పలక మీద ఉంది. తీసేశాను.

పెద్దగా ఏమీ చెప్పలేదండీ. నేను ఏవేవో ఊహించుకున్నాను. తను పోతానని దానికి తెలిసే చెప్పి ఉంటుందేమో, నాకేదో దారి చూపించి ఉంటుందేమో అని. అలాంటిదేమీ లేదు. వంటగది కిటికీకి తెర కుట్టమంది. కొలతలు చెప్తాను రాసుకో, రాసుకోలేవులే ముడులేసుకో, అని వెక్కిరించింది. ఎదురింటివాళ్ళ పిల్లి మీ గుమ్మంలో పిల్లల్ని పెట్టిందని చెప్పింది. మోకాళ్ళకి నూనె రాసుకోమంది. వచ్చే నెల వస్తానంది. నేను ముడులేసుకుంటూ విన్నాను. జానకొక ముడి చొప్పున, వెడల్పు నాలుగు ముడులు, పొడుగు ఆరు.

తర్వాత, "అమ్మా, మీ అల్లుడి సంగతి విన్నావా? లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళి అందులోనే ఇరుక్కుపోయాడు. వాచ్‌మన్ బయట నుంచి, భయపడకండి సార్, మెకానిక్కుకి కబురు పంపాం అన్నాడట" అంది. అప్పుడు వెనకాల ఎవరో నవ్వారు. పెద్దగా, కంచం మీద చెయ్యి కొట్టి నవ్వినట్టు. నవ్వుతూనే "అది చెప్పొద్దన్నానా నీకు!" అన్నారు. నోట్లో అన్నం ఉన్న గొంతు.

ఎవరా అని ఆలోచించాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. నువ్వే నాయనా.

ఆరేళ్ళు అల్లుడివి. నా ముందు పళ్ళు కనపడేలా ఒక్కసారి నవ్వలేదు. వచ్చేవాడివి, కాళ్ళు కడుక్కునేవాడివి, పెట్టింది తినేవాడివి. ఈ మనిషితో మా పిట్ట ఎలా వేగుతోందో అనుకునేదాన్ని. అది ఒక పాట పెట్టి, నాలుగు కబుర్లు చెప్పి, నిన్ను ఇంతగా నవ్వించిందా? ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మొదట దాని మాట కోసం విన్నాను. తర్వాత దాని మాట వెనకాల నీ నవ్వు కోసం కూడా విన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

అలా నవ్వినవాడు ఇప్పుడు కొళాయి తిప్పి పెట్టుకుని తింటున్నాడు. నేనేమో ఉన్న నలభై పాటలూ లాక్కున్నాను.

కోపం పోయిందని చెప్పను. ఆ తారీకు మరిచిపోయావన్నది ఇంకా గుచ్చుతూనే ఉంది. కానీ ఒకటి ఆలోచించాను. ఇంకెవరైనా అయితే పోయినావిడ ఏం చెప్తుందో విందామని చెవులప్పగించి కూర్చునేవాళ్ళు, లేకపోతే మూతి ముడుచుకుని వెళ్ళేవాళ్ళు. మీరు పిలిచినావిడకి ఉన్నదొక చెవి. దాన్ని అటు పెట్టి, ఇది తనది కాదని తెలియగానే లేచి ఆపేసింది. నాకోసం ఆపింది. నేనెవరో కూడా ఆవిడకి తెలియదు. ఆ రెండు మాటలూ తప్ప మిగతాదంతా ఎవరూ వినకుండా నా దాకా వచ్చిందంటే ఆవిడ చలవే. ఈ మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నీలం దారం సంగతి రాశారు. నిజమే అయి ఉంటుంది. రెండు ముక్కలూ కుట్టడం అయింది, గుండీలే మిగిలాయి. అలాంటివాళ్ళకని కట్టి ఉంటుంది నా బంగారుతల్లి. నాకు తట్టలేదు. అయినా ఆ పదిహేడూ మీకు పంపను. పెట్టె నా దగ్గరే ఉంటుంది. కోపంతో కాదు. మీ ఇంట్లో ఉంటే మీరు మళ్ళీ దారాలు చూస్తారు.

మనం చేసిన తప్పేమిటో చెప్పనా అల్లుడు గారూ? మీరు అబద్ధం ఆడారు, నేను రంగు తప్పు చెప్పాను, అవి చిన్నవి. ఒకావిడ మీ ఇంటికి భోజనానికి వస్తుంటే మీరు నన్నడిగారు. నేను పోయినదాన్ని అడిగాను. ఇద్దరం కలిసి చచ్చిపోయిన పిల్ల చెప్పిన ప్రకారం బల్ల సర్దాం, కుర్చీ వేశాం, పాట పెట్టాం. నీకేం పాట ఇష్టం అని వచ్చే మనిషిని ఒక్కరమూ అడగలేదు. ఆవిడకి వేణువు ఇష్టమో కాదో. అసలు పాట మోగుతుంటే, ఒక్క చెవితో మీ మాట వినపడుతుందో లేదో. మీరే తక్కువ మాట్లాడతారు, ఆ కాస్తా పాటలో కలిసిపోతే ఆవిడకి ఏం మిగులుతుంది?

పైవీధి నుంచి తిరగడం మానండి. నేరుగా షాపులోకి వెళ్ళండి. అద్దాలు విరగ్గొట్టుకుని వెళ్ళకండి, ఊరికే వెళ్ళండి. ఎడమ పక్క నిలబడి, మళ్ళీ భోజనానికి రమ్మనండి. రానంటే రానందని తెలుస్తుంది, దానికి మనం చేసేదేమీ లేదు. వస్తానంటే, ఏ పాట పెట్టమంటావు, పెట్టనా వద్దా అని ఆవిడనే అడగండి.

వంటగది కిటికీకి తెర కుట్టేశాను. నాలుగు ముడుల వెడల్పు, ఆరు ముడుల పొడుగు. అది అడిగింది కాబట్టి కుట్టాను. ఇది పంపను. బల్లగుడ్డ మాత్రం తిరిగి పంపండి.

ఆవిడ ఏ పాట అడిగిందో నాకు రాయొద్దు. నేను అంత పెద్దమనసుదాన్ని కాదు. ఆ పాట ఏదో తెలిస్తే, ఏ కొట్టులోంచో ఏ రేడియోలోంచో వినపడినప్పుడల్లా నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. షాపుకి వెళ్ళాలి, పనులున్నాయి. ఇంకో ఏడాది పోనీండి. అప్పుడు నేనే అడుగుతాను.

అత్తయ్య